ఇంటిబడి కూటమిలో చిన్నాపెద్దా పిల్లలు: జట్లు ఎలా కట్టాలి, పాఠాలు ఎలా తిప్పాలి

ఆరు కుటుంబాలు, 14 మంది పిల్లలు. అందరిలోకి చిన్నవాడికి నాలుగేళ్లు, పెద్దమ్మాయికి పదమూడు. వారానికి రెండు రోజులు, ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా, ఎవరో ఒకరి అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో కలుద్దామని అందరూ ఒప్పుకున్నారు. పిల్లల్ని బడికి పంపకుండా ఇంటి దగ్గరే చదివించుకునే కుటుంబాలు హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో కూటమి కట్టుకున్నప్పుడు వ్యవహారం తరచు ఇలాంటి లెక్కతోనే మొదలవుతుంది. మొదటి సమావేశం టీ, బిస్కెట్లతో సజావుగా గడిచిపోతుంది. చిక్కంతా రెండో సమావేశంలో వస్తుంది. అందర్నీ కలిపి కూర్చోబెడదామని ఒకరు, వయసుల వారీగా విడదీద్దామని ఒకరు, అమెరికాలో మా అక్కయ్య వాళ్ల కూటమిలో చరిత్రను నాలుగు భాగాలు చేసి, ఏడాదికొక భాగం చెప్పి మళ్లీ మొదటికొచ్చే నాలుగేళ్ల చరిత్ర చక్రం నడుపుతున్నారు, మనమూ అదే పెట్టుకుందామని మరొకరు పట్టుబడతారు.

ఈ వాదనలో రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది ఒక ప్రశ్న. ఏ పాఠం ఏ నెలలో, ఏ ఏడాదిలో రావాలన్నది రెండో ప్రశ్న. మొదటిదానికి చెప్పిన జవాబు రెండోదానికి దానంతట అది సరిపోదు. మూడేళ్లుగా ఇలాంటి ఒక కూటమిలో పాఠాలు చెబుతూ, అందులో రెండుసార్లు పద్ధతి మార్చుకున్న వ్యక్తిగా, ఈ రెంటినీ విడివిడిగా తేల్చుకోమన్నదే నేను మొట్టమొదట ఇచ్చే సలహా.

ఎంపికకు ముందు చూసుకోవలసినవి

అన్నింటికంటే ముందు, చెప్పదలచుకున్న విషయాలను రెండు కుప్పలుగా పోసుకోవాలి. కొన్నింటికి మెట్లున్నాయి. గుణింతాలు రాకుండా ఒత్తులు రావు, భాగహారం పట్టుబడకుండా భిన్నాలు పట్టుబడవు. చదవడం, రాయడం, లెక్కలు ఈ కుప్పలోకి వస్తాయి. కొన్నింటికి మెట్లు లేవు, ఉన్నా అవి చాలా వెడల్పైనవి. వాన గురించి ముందు తెలుసుకుని కీటకాల గురించి తరువాత తెలుసుకున్నా, కాకతీయులను ముందు చదివి శాతవాహనులను తరువాత చదివినా కొంప మునిగేదేమీ లేదు. విజ్ఞానం, చరిత్ర, భూగోళం, చిత్రలేఖనం, సంగీతం, తోటపని ఈ రెండో కుప్పలోవి. అందరికీ కలిపి ఏడాదికొకటి చొప్పున తిప్పదగినవి రెండో కుప్పలోని విషయాలు మాత్రమే.

ఇది మాకు దెబ్బ తిన్న తరువాతే అర్థమైంది. మొదటి ఏడాది మేము లెక్కల్ని కూడా చక్రంలో పెట్టి, ఆగస్టును భిన్నాల నెలగా ప్రకటించుకున్నాం. రోజూ దోసెలు కోసి సగం, పావు, అరపావు అని పంచాం. ఆరేళ్ల పిల్లలు దోసెలు తిన్నారు. పన్నెండేళ్లవాడు తనకు తెలిసినదాన్నే నెల పొడుగునా విని విసిగిపోయాడు. తొమ్మిదేళ్లమ్మాయి ఒక్కతే ఆ పాఠానికి సరిగ్గా తగిన వయసులో ఉంది, ఆమెకేమో నెల చాలలేదు. సెప్టెంబరులో బోర్డు మీద కోణాలు వచ్చాయి, భిన్నాలు మళ్లీ రెండేళ్ల దాకా రావని పట్టికలో రాసి ఉంది. ఆ పట్టికను అప్పుడే చింపేశాం.

రెండోది పెద్దల లెక్క. కుటుంబాలు ఆరు ఉన్నాయి కాబట్టి చెప్పేవాళ్లు ఆరుగురున్నారని అనుకోవడం పొరపాటు. ఒకరికి చంటిబిడ్డ ఉంటుంది, ఒకరు ఉద్యోగం చేస్తూ నెలకు ఒక్క రోజే రాగలుగుతారు, ఒకరికి వంటా సరంజామా చూసుకోవడం ఇష్టం గాని నలుగురి ముందు నిలబడి చెప్పడం ఇష్టముండదు. ఆరు కుటుంబాల్లో ప్రతి వారం సిద్ధపడి వచ్చి చెప్పేవాళ్లు ముగ్గురు తేలితే అదృష్టమే. గంట పాఠానికి నాకు ఇంటి దగ్గర దాదాపు రెండు గంటల తయారీ పడుతుంది, అలవాటైన వాళ్లకు కొంత తక్కువ పట్టవచ్చు. అందువల్ల ఏ పద్ధతినైనా ఒక చిన్న పరీక్షకు పెట్టాలి. చెప్పవలసిన తల్లికి జ్వరం వచ్చి రాలేకపోయిన రోజున ఈ పద్ధతి నడుస్తుందా, ఆగిపోతుందా అన్నదే ఆ పరీక్ష. కాగితం మీద ఎంతో అందంగా కనిపించే ఏర్పాట్లు చాలావరకు ఇక్కడే కూలిపోతాయి.

మూడోది, కుటుంబాలు ఎంతకాలం ఉంటాయన్నది. ఉద్యోగాల బదిలీలు, ఇల్లు మారడాలు, పిల్లల్ని మళ్లీ బడిలో చేర్చాలన్న నిర్ణయాలు నగరాల్లో మామూలే. మీ కూటమిలో ఒక కుటుంబం సగటున రెండేళ్లుంటే, నాలుగేళ్ల చక్రం పెట్టుకోవడమంటే సగం దారిలో దిగిపోయే ప్రయాణికులతో బండి కట్టడమే అవుతుంది.

నాలుగోది ముందున్న పరీక్షలు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వర్తిస్తుంది. మధ్యలో బడిలో చేరదలచిన పిల్లలను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలని ఆ చట్టం నాలుగో సెక్షన్ చెబుతుంది. కాబట్టి తిరిగి బడికి వెళ్లే దారి మూసుకుపోదు. బడికి వెళ్లకుండా పదో తరగతి రాయదలచిన వాళ్లకు ఎన్‌ఐఓఎస్ అని పిలిచే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఉంది, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వేర్వేరుగా సార్వత్రిక విద్యాపీఠాలున్నాయి. పదో తరగతికి కనీస వయసు 14. ఎన్‌ఐఓఎస్‌లో అంతకు ముందు ఏ, బీ, సీ అనే మూడు ప్రాథమిక స్థాయులున్నాయి, అవి వరుసగా మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానం. పన్నెండు దాటిన పిల్లలు కూటమిలో ఉంటే వాళ్ల కాలపట్టికను ఈ పరీక్షలే నిర్ణయిస్తాయి, మన చక్రం నిర్ణయించదు.

భాష సంగతి కూడా ఒక్క మాటలో చెప్పుకోవాలి. హైదరాబాదు కూటమిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు, తమిళమో హిందీయో మాట్లాడేవాళ్లు కలిసే ఉంటారు. ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లీషులో అచ్చయిన ప్రభుత్వ ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇలాంటిచోట బాగా అక్కరకొస్తాయి.

జట్లు కట్టే నాలుగు తీరులు

*అందరూ ఒకే గదిలో, ఒకే పాఠం.* పిల్లలు పది మంది లోపు ఉన్నప్పుడు, చెప్పేవాళ్లు ఇద్దరికి మించి లేనప్పుడు నేను దీన్నే ఎంచుకుంటాను. ఇది పనిచేయాలంటే పాఠం ఒక్కటే అయినా పని మాత్రం మూడంతస్తుల్లో ఉండాలి. వాన పాఠాన్నే చూడండి. పక్కలు నిటారుగా ఉన్న రెండు లీటర్ల సీసా పైభాగం కోసి, దాన్ని తలకిందులుగా గరాటులా అదే సీసాలో పెట్టాం. అడుగు గుంటలు గుంటలుగా ఉంటుంది కాబట్టి నాలుగు గులకరాళ్లు వేసి, ఆ గుంటలు మునిగేదాకా నీళ్లు పోసి, ఆ మట్టం దగ్గర సున్నా గీత గీశాం. అక్కడి నుంచి పైకి మిల్లీమీటర్ల స్కేలు అతికించి మేడ మీద పెట్టాం. నాలుగైదేళ్ల పిల్లలు చేమాకు మీద నీటిబొట్టు అంటుకోకుండా ఎలా జారిపోతుందో చూస్తూ, గ్లాసు నుంచి గ్లాసుకు నీళ్లు పోసుకుంటూ గడిపారు. ఎనిమిది, తొమ్మిదేళ్ల వాళ్లు పది రోజులపాటు రోజూ కొలత చదివి గళ్ల కాగితం మీద నిలువు పట్టీలు గీశారు. పన్నెండేళ్లవాడికి ఒకటే ప్రశ్న ఇచ్చాం: 120 చదరపు మీటర్ల ఈ మేడ మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే ఎన్ని నీళ్లు? చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. కాబట్టి 3,000 లీటర్లు. వేసవిలో తమ అపార్ట్‌మెంటుకు వచ్చే ట్యాంకరు 5,000 లీటర్లదని వాడికి తెలుసు. ఒక్క పూట వానలో సగం ట్యాంకరు పైన నీళ్లు కాలువలో కలిసిపోతున్నాయని తేల్చి, ఆ సాయంత్రమే అసోసియేషను అంకుల్‌ని నిలదీశాడట.

అన్ని పాఠాలూ ఇంత తేలిగ్గా మూడంతస్తులుగా విడిపోవు. వాన, నేల, ఆహారం, పండుగలు, మన ఊరి మ్యాపు బాగా విడిపోతాయి. విద్యుత్తు పైఅంతస్తుకు బాగుంటుంది గాని నాలుగేళ్లవాడి చేతికి బ్యాటరీ వైర్లు ఇచ్చి కూర్చోలేం. ఈ తీరులో నష్టపోయేది ఎక్కువగా పెద్ద పిల్లలే, ఎందుకంటే గదిలో గోల, వేగం రెండూ చిన్నవాళ్లను బట్టే నడుస్తాయి.

*వయసు జట్లు.* మూడేళ్ల వెడల్పుతో జట్లు కట్టడం మాంటిస్సోరి పద్ధతిలో స్థిరపడిన అలవాటు: మూడు నుంచి ఆరు, ఆరు నుంచి తొమ్మిది, తొమ్మిది నుంచి పన్నెండు. 1939లో మద్రాసుకు వచ్చిన ఆ పద్ధతి సృష్టికర్త మరియా మాంటిస్సోరి యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండి, అడయారులోనూ కొడైకనాల్లోనూ ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చారు. మూడేళ్ల వెడల్పులో ఉన్న సొగసేమిటంటే, ప్రతి పిల్లా ఒక ఏడాది జట్టులో చిన్నదిగా, ఒక ఏడాది నడిమిదిగా, ఒక ఏడాది పెద్దదిగా ఉంటుంది. ఇంట్లో ఎప్పుడూ చిన్నదిగానే మిగిలిపోయే కడగొట్టు బిడ్డకు ఇది చాలా మేలు చేస్తుంది.

కాని దీనికి జట్టుకొకరు చొప్పున పెద్దలు కావాలి, వేర్వేరు చోట్లు కావాలి, ప్రతి పాఠం మూడుసార్లు తయారవ్వాలి. జ్వరం పరీక్షలో ఇది తరచు తప్పుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది: 14 మంది పిల్లలు మూడు జట్లకు ఎప్పుడూ సమానంగా పంచబడరు. చిన్న జట్టులో ఏడుగురు, నడిమి జట్టులో అయిదుగురు, పెద్ద జట్టులో ఇద్దరు తేలతారు. ఆ ఇద్దరిలో ఒకరు రాని రోజున రెండోవాడికి అది జట్టు కాదు, ట్యూషను.

*స్థాయి జట్లు.* వయసుతో పనిలేకుండా, ఎవరు ఎక్కడ ఉన్నారో అక్కడి నుంచి మొదలుపెట్టే తీరు ఇది. చదవడం, లెక్కలు అనే మెట్ల విషయాలకు నిజాయితీ ఉన్న పద్ధతి ఇదొక్కటే. ఎనిమిదేళ్ల పిల్లవాడు పదకొండేళ్ల పిల్ల పక్కన కూర్చుని భాగహారం చేయడంలో తప్పేమీ లేదు. కాని తల్లుల మనసులు ఇక్కడే ఎక్కువగా నొచ్చుకుంటాయి. బడిలో ర్యాంకులు వద్దని ఇంటికి తెచ్చుకున్న పిల్లకు ఇక్కడ ఇంకో రూపంలో ర్యాంకు వచ్చినట్టు అనిపిస్తుంది. జట్లకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు పెట్టకుండా వేప, చింత, మర్రి అని పేర్లు పెట్టుకుంటే సరిపోతుందని కొందరంటారు గాని, చింత కంటే మర్రి పైదని పిల్లలు రెండు రోజుల్లో కనిపెట్టేస్తారు. పేర్ల కంటే పనిచేసేది ఆరు వారాలకొకసారి జట్లను కదిలించడం. ఎవరూ ఒకేచోట పాతుకుపోలేదని కళ్లకు కనబడుతుంది.

*నిచ్చెన, కార్డులు, పెద్దపిల్లల తోడు.* మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడుల్లో, ఒకే టీచరు, అన్ని తరగతుల పిల్లలు ఒకే గదిలో ఉండగా, ఈ పద్ధతిని రూపొందించారు. పాఠాన్ని చిన్న చిన్న మజిలీలుగా విడగొట్టి, ఒక్కో మజిలీకి బొమ్మ గుర్తుతో కొన్ని కార్డులు పెట్టి, వాటన్నింటినీ నిచ్చెన మెట్లలా గోడ మీద అమర్చుతారు. పిల్ల తానెక్కడుందో చూసుకుని, తన కార్డు తానే తీసుకుని, కొంత టీచరుతో, కొంత తోటివాళ్లతో, కొంత ఒంటరిగా చేసుకుపోతుంది. నాలుగు రోజులు రాకపోయినా ఆగినచోటే మొదలుపెడుతుంది. 2003లో చెన్నై నగరపాలక పాఠశాలల్లో మొదలైన కార్యాచరణ పద్ధతికీ ప్రేరణ ఇదే. జ్వరం పరీక్షలో అన్నింటికంటే ఎక్కువ మార్కులు ఈ తీరుకే వస్తాయి, ఎందుకంటే పాఠం మనిషిలో కాకుండా కార్డుల డబ్బాలో ఉంటుంది. ఎవరు వచ్చినా డబ్బా తెరవగలరు. కష్టమంతా మొదటి రెండు నెలల్లోనే, కార్డులు తయారుచేసుకోవడంలోనే ఉంది. మేము లెక్కలకు మాత్రమే చేసుకోగలిగాం. దానికే రెండు వేసవి నెలలు, మూడు డజన్ల అట్టలు, ఒక లామినేషను మిషను పట్టాయి.

పెద్దపిల్లలు చిన్నవాళ్లకు చెప్పడం మన వీధిబడులకు కొత్తేమీ కాదు. ఇసుకలో గుంట ఓనమాలు దిద్దించే పని చాలాచోట్ల పెద్దపిల్లలే చూసేవారు. 18వ శతాబ్దం చివర మద్రాసులోని అనాథ శరణాలయంలో పనిచేసిన ఆండ్రూ బెల్, ఇక్కడి బడుల్లో పిల్లలు ఇసుకలో రాయడం చూసి, పెద్దపిల్లల చేత చిన్నవాళ్లకు చెప్పించే పద్ధతిని నడిపి, ఇంగ్లండుకు తిరిగి వెళ్లి 1797లో దాని మీద పుస్తకం అచ్చువేశారు. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అనే పేరు నిలిచింది. అయితే ఆ పద్ధతి చవగ్గా పని జరగడం కోసం పుట్టినదని గుర్తుంచుకోవాలి. పదమూడేళ్లమ్మాయి వారంలో ఒక అరగంట చిన్నవాళ్ల చేత కథ చదివిస్తే ఇద్దరికీ లాభమే. రోజూ గంటన్నర ఆమెకే అప్పగిస్తే అది జీతం లేని పని, దానికి పాఠమని పేరు పెట్టకూడదు.

నాలుగింటినీ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది.

| చూడవలసింది | ఒకే గది | వయసు జట్లు | స్థాయి జట్లు | నిచ్చెన, కార్డులు |
|---|---|---|---|---|
| కావలసిన పెద్దలు | ఇద్దరు | ముగ్గురు, నలుగురు | ముగ్గురు | ఇద్దరు |
| వారంవారం తయారీ | మధ్యస్థం | ఎక్కువ | మధ్యస్థం | తక్కువ. మొదట్లో మాత్రం చాలా ఎక్కువ |
| ఒకరు రాని రోజున | నడుస్తుంది | కుంటుతుంది | రెండు జట్లు కలపాలి | బాగా నడుస్తుంది |
| తగిన విషయాలు | విజ్ఞానం, చరిత్ర, కళలు | విజ్ఞానం, ఆటలు, చర్చలు | లెక్కలు, చదవడం | లెక్కలు, తొలి అక్షరాలు |
| ఎక్కువగా నష్టపోయేది | పెద్దపిల్లలు | ఒంటరి వయసులవాళ్లు | కింది జట్టు పిల్లల ఉత్సాహం | మాట్లాడి నేర్చుకునే పిల్లలు |

చివరి వరుసలో చివరి గడి సంగతి చెప్పాలి. కార్డుల పని నిశ్శబ్దంగా సాగుతుంది. నోరు మూసుకోలేని పిల్లలుంటారు, ఏదైనా అడిగి, వాదించి, కాదని తెలుసుకుంటే తప్ప వాళ్లకు ఎక్కదు. అలాంటి ఒకణ్ణి నేను కన్నాను కాబట్టి రాస్తున్నాను.

పాఠాలు తిప్పే తీరులు

ఇప్పుడు రెండో ప్రశ్న. ఇక్కడ మనం మాట్లాడేది మెట్లు లేని విషయాల గురించే.

నెలకొక అంశం తీసుకోవడం అన్నింటికంటే తేలిక. జూలైలో వాన, ఆగస్టులో స్వాతంత్ర్యోద్యమం, సెప్టెంబరులో మట్టి, వినాయకుడి బొమ్మలు, అక్టోబరులో విత్తనాలు, బతుకమ్మ పూలు. మన పండుగలు, రుతువులు, పంటలు ఎంత చక్కగా అమరుతాయంటే పట్టిక దానంతట అదే తయారవుతుంది. కొత్త కుటుంబం ఏ నెలలో చేరినా ఇబ్బంది ఉండదు. దీని లోపం లోతు లేకపోవడం. మూడేళ్లు గడిచాక వెనక్కి చూసుకుంటే, పిల్లలకు చాలా విషయాలు కొద్దికొద్దిగా తెలిసి ఉంటాయి గాని వాటికి ఒకదానితో ఒకటి లంకె కుదరదు. మూడో ఏడాది కూడా వినాయకుడి మట్టిబొమ్మే చేస్తున్నామని మా పదకొండేళ్లమ్మాయి గుర్తుచేసేదాకా మాకు తట్టలేదు.

మూడేళ్ల చక్రం దీనికి విరుగుడు. విజ్ఞానంలో ఒక ఏడాది జీవులు, ఒక ఏడాది నేల, నీరు, ఆకాశం, ఒక ఏడాది పదార్థాలు, యంత్రాలు. ఆరేళ్లకు చేరిన పిల్ల పన్నెండేళ్లకు వెళ్లేలోపు ప్రతి భాగాన్ని రెండుసార్లు, రెండు వేర్వేరు లోతుల్లో చూస్తుంది. వయసు జట్లు కూడా మూడేళ్ల వెడల్పువే అయితే లెక్క ఇంకా చక్కగా కుదురుతుంది, జట్టులో ఉన్న మూడేళ్లలోనూ ఏ పిల్లకూ ఒకే పాఠం రెండుసార్లు రాదు. నాలుగు కుటుంబాలైనా స్థిరంగా ఉంటాయన్న నమ్మకముంటే నా ఓటు దీనికే.

నాలుగేళ్ల చరిత్ర చక్రం అమెరికా ఇంటిబడుల్లో బాగా వాడుకలో ఉన్నది: ప్రాచీన కాలం, మధ్యయుగం, తొలి ఆధునిక కాలం, ఆధునిక కాలం. పన్నెండేళ్ల చదువులో ఈ చక్రం మూడుసార్లు తిరుగుతుంది. అక్కడి పుస్తకాలు ఈజిప్టుతో మొదలై రోము మీదుగా యూరపు చేరతాయి, కాబట్టి వాటిని యథాతథంగా తెచ్చుకుంటే మన పిల్లలు రామప్ప గుడి ఉన్న పాలంపేట పేరు వినకుండానే మధ్యయుగం దాటేస్తారు. చక్రాన్ని ఉంచుకుని ఆకులు మార్చుకోవడమే మంచిది. మొదటి ఏడాది శాతవాహనులు, ఇక్ష్వాకులు, అమరావతి, నాగార్జునకొండ. విశాఖపట్నం వాళ్లకు తొట్లకొండ, బావికొండ ఊరి పక్కనే ఉన్నాయి. రెండో ఏడాది చాళుక్యులు, కాకతీయులు, విజయనగరం. 1213 నాటి రామప్ప గుడి, ఓరుగల్లు కోట. మూడో ఏడాది కుతుబ్‌షాహీలు, ఆసఫ్‌జాహీలు, కంపెనీ పాలన. హైదరాబాదులో ఉంటే 1591 నాటి చార్మినారు నుంచి గోల్కొండ దాకా అంతా సిటీ బస్సు దూరమే. నాలుగో ఏడాది స్వాతంత్ర్యోద్యమం, 1953, 1956, 2014. ఈ చివరి మూడు అంకెల గురించి పిల్లల తాతయ్యలూ అమ్మమ్మలే వచ్చి చెప్పగలరు. తాతయ్యలు ఏకాభిప్రాయానికి రారన్నది వేరే సంగతి, ఆ మాటకొస్తే పెద్దపిల్లలకు అదే అసలైన చరిత్ర పాఠం.

మూడో ఏడాదిలో చేరిన పిల్ల చార్మినారుతో మొదలుపెట్టి, శాతవాహనుల దగ్గరికి రెండేళ్ల తరువాత వస్తుందే అని బెంగపడేవాళ్లుంటారు. గోడ పొడుగునా ఒక తాడు కట్టి, శతాబ్దానికొక ముడి వేసి, చదివిన ప్రతి విషయాన్నీ చీటీ మీద రాసి బట్టల క్లిప్పుతో దాని ముడి దగ్గర తగిలిస్తే ఆ బెంగ చాలావరకు తీరుతుంది. చదివిన వరుస ఏదైనా తాడు మీద వరుస మారదు.

ఇక నాలుగో తీరు, వంతుల వరుస. దీన్ని రోజులకు కట్టరు. చరిత్ర, విజ్ఞానం, బొమ్మలు, సంగీతం, మ్యాపులు అని ఒక వరుస రాసుకుని, కలిసిన ప్రతిసారీ ఆగిన దాని తరువాతది చేస్తారు. మంగళవారం విజ్ఞానమని రాసుకున్న కూటమికి రెండు మంగళవారాలు సెలవులొస్తే నెలలో సగం విజ్ఞానం పోయినట్టే. వంతుల వరుసలో పోయేదేమీ ఉండదు, అన్నీ ఒక అడుగు వెనక్కి జరుగుతాయి, అంతే. వానలు, పెళ్లిళ్లు, జ్వరాల మధ్య నడిచే మన కూటములకు ఇది ఎంతో అనుకూలం. చిక్కల్లా, బయటి నుంచి వచ్చి సంగీతం చెప్పే టీచరుకు ఫలానా రోజు రమ్మని ముందుగా చెప్పలేకపోవడమే.

చెప్పేవాళ్లను తిప్పాలా వద్దా అన్నది కూడా తరచు వచ్చే ప్రశ్న. నెలకొకరు మారే ఏర్పాటు న్యాయంగా కనిపిస్తుంది గాని, ఎవరికీ చేయి తిరగదు. ఒక్కొక్కరు తమకిష్టమైన విషయాన్ని ఒక టర్ము, అంటే పది పన్నెండు వారాలు పట్టుకుని ఉండి, తరువాత మార్చుకోవడం మేలు. చెప్పడం ఇష్టంలేని తల్లినో తండ్రినో బలవంతాన బోర్డు ముందు నిలబెట్టకూడదు. సామాను, పుస్తకాలు, లెక్కల పద్దు చూసేవాళ్లు లేకపోతే కూటమి అంతకంటే త్వరగా కూలిపోతుంది.

ఎవరికి ఏది

| మీ పరిస్థితి | జట్టు | తిప్పే తీరు |
|---|---|---|
| మూడు నాలుగు కుటుంబాలు, ఎనిమిది మంది లోపు పిల్లలు | ఒకే గది. లెక్కలు ఇంటి దగ్గరే | నెలకొక అంశం లేదా వంతుల వరుస |
| ఆరేడు కుటుంబాలు, ముగ్గురు స్థిరమైన పెద్దలు | లెక్కలకు స్థాయి జట్లు, మిగతావాటికి ఒకే గది | మూడేళ్ల చక్రం, లోపల వంతుల వరుస |
| పదికి పైగా కుటుంబాలు, సొంత చోటు | వయసు జట్లు | మూడేళ్ల లేదా నాలుగేళ్ల చక్రం |
| కుటుంబాలు తరచు మారేచోటు | ఒకే గది, లెక్కలకు నిచ్చెన | నెలకొక అంశం |
| ఎక్కువమంది పన్నెండు దాటినవాళ్లు | విషయాల వారీ జట్లు | పరీక్ష సిలబసు. చక్రం వద్దు |

రెండో వరుసలో ఉన్నది మా కూటమి, కాబట్టి దాని గురించే కొంచెం ఎక్కువ చెప్పగలను. ఉదయం మొదటి నలభై అయిదు నిమిషాలు లెక్కలు, మూడు మూలల్లో మూడు జట్లు. తరువాత అందరూ కలిసి టిఫిను. ఈ అరగంటను తగ్గించాలని చూసి ఒకసారి చేతులు కాల్చుకున్నాం, నాలుగేళ్లవాళ్లు ఆకలితో చేసే యాగీ ముందు ఏ పాఠమూ నిలవదు. టిఫిను తరువాత గంటసేపు ఒకే పాఠం, మూడంతస్తుల పని. చివరి ముప్పావుగంటలో చిన్నవాళ్లు ఆటలకు వెళ్తారు, తొమ్మిది దాటినవాళ్లు మాత్రం కూర్చుని ఆ రోజు పాఠాన్ని ఇంకో మెట్టు లోతుకు తీసుకెళ్తారు. ఒకే గది తీరులో పెద్దపిల్లలకు జరిగే నష్టాన్ని పూడ్చేది ఈ ముప్పావుగంటే. అది లేని మొదటి ఏడాదిలో ఇద్దరు పెద్దపిల్లలు కూటమి మానేశారు.

పిల్ల అవసరాలు వేరుగా ఉన్న కుటుంబాలు, అంటే శబ్దాన్ని భరించలేని పిల్లలో, అక్షరాలు తారుమారుగా కనిపించే పిల్లలో ఉన్నవాళ్లు, పట్టికలో ఏ వరుసలో ఉన్నా నిచ్చెన పద్ధతిని కొంతైనా కలుపుకోమని నా సలహా. అందరితోపాటు పరుగెత్తవలసిన అవసరం లేకపోవడం వాళ్లకు పెద్ద ఊరట.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు ఇంకొకటి చూసుకోవాలి. అక్కడ నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. టెక్సాస్‌లో ఇంటిబడిని ప్రైవేటు బడిగానే లెక్కిస్తారు. చదవడం, అక్షరదోషాలు లేకుండా రాయడం, వ్యాకరణం, లెక్కలు, పౌరధర్మం ఉండాలంతే, ఎవరికీ నివేదికలు పంపనక్కర్లేదు. కాబట్టి ఏ చక్రమైనా తిప్పుకోవచ్చు. న్యూయార్కులో ఏడాది ప్రణాళిక ముందే సమర్పించి, మూడు నెలలకొకసారి నివేదిక ఇవ్వాలి. పెన్సిల్వేనియాలో ఏడాది చివర పిల్లల పనిని అర్హులైనవారి చేత మదింపు చేయించాలి. ఇలాంటిచోట్ల వంతుల వరుస కంటే తేదీలతో రాసిన చక్రమే సుఖం, ఎందుకంటే కాగితం మీద చూపించడం తేలిక.

ఏది ఎంచుకున్నా మొదటి టర్మును ఎనిమిది వారాలకు కుదించి, ప్రయోగంగా నడపండి. ఒక నోటుపుస్తకం పెట్టి, ప్రతి రోజు చివర మూడే సంగతులు రాయండి: ఎవరు రాలేదు, ఏ పాఠం ఎక్కడ ఆగింది, ఏ పిల్ల పని లేక కూర్చుంది. ఎనిమిదో వారం సమావేశానికి ఆ పుస్తకమొక్కటే తెచ్చుకోండి. మూడో గడిలో ఒకే పేరు నాలుగైదుసార్లు కనబడితే జట్టు మార్చాలి, రెండో గడి నిండా ఒకే విషయం ఉంటే తిప్పే తీరు మార్చాలి, మొదటి గడిలో పిల్లల పేర్ల కంటే పెద్దల పేర్లే ఎక్కువగా ఉంటే జట్ల సంఖ్య ఒకటి తగ్గించుకోవాలి.